మధ్యాహ్నం బడి

నగరం నడిబొడ్డున ఉన్న ఆ ప్రభుత్వ హైస్కూలు మూతపడి రెండేళ్లయింది. వచ్చే నెల నుంచి ఆ గదుల్లోకి పన్నుల ఆఫీసు రాబోతోందని తెలిశాక, పాత విద్యార్థులంతా కూడబలుక్కుని బడి చరిత్రను ఒక పుస్తకంగా వేయించాలనుకున్నారు. రాసే పని లెక్కల మాస్టారి మెడకు చుట్టుకుంది. చుట్టుకుందని ఆయన అనడమే గాని, ఆ పని ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే ఆయనకు వారం రోజులు తిండి సహించేది కాదు. ముప్పై నాలుగేళ్లు అక్కడే పాఠాలు చెప్పిన మనిషి. ఆరు నెలలు కూర్చుని అరవై నాలుగు పేజీలు రాశారు. శుక్రవారం ప్రెస్సుకు ఇవ్వాలి. ఆవిష్కరణ సభకు కొత్త చొక్కా కావాలి గదా అని మంగళవారం పొద్దున టైలరమ్మ కొట్టుకు వెళ్లారు.

ఆ కొట్టు బడి వెనక సందులోనే ఉంది. ఒక మిషను, ఒక బల్ల, గోడకు వేలాడే సగం కుట్టిన బట్టలు, అంతే. టైలరమ్మకు యాభై దాటాయి. ఆమె చదివింది ఆ బడిలోనే. ఆ పొద్దున ఆమె తరగతిలోనే చదివిన బస్సు డ్రైవరు కూడా అక్కడున్నాడు. చిరిగిన యూనిఫారం జేబు కుట్టించుకుంటూ బనీనుతో స్టూలు మీద కూర్చున్నాడు.

"మాస్టారూ, పుస్తకం అయిపోయిందటగా. మా మధ్యాహ్నం బడి గురించి ఎన్ని పేజీలు రాశారు?" టేపుతో ఆయన భుజం కొలుస్తూ అడిగింది టైలరమ్మ.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "రాశానమ్మాయ్. 'కొన్నేళ్లు మధ్యాహ్నం తరగతులు కూడా జరిగినవి' అని."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఫుల్‌స్టాప్."

డ్రైవరు కిసుక్కున నవ్వాడు. టైలరమ్మ నవ్వలేదు.

ఒకప్పుడు ఆ చుట్టుపక్కల కర్మాగారాలు లేచి, పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చిపడ్డారు. గదులు చాలక బడిని రెండు పూటలు చేశారు. పొద్దున ఒక బడి. పన్నెండున్నరకు వాళ్లు వెళ్లిపోగానే అవే బల్లల మీద ఇంకో బడి. హెడ్మాస్టరు, బహుమతులు, గ్రూపు ఫోటోలు అన్నీ పొద్దుటి బడివి. మధ్యాహ్నం బడికి ఉన్నదల్లా ఏటా మారిపోయే తాత్కాలిక టీచర్లు, వాళ్ల మీద ఒక ఇన్‌ఛార్జి మాస్టారు. పిల్లలు ఆయన్ని మధ్యాహ్నం సారు అనేవాళ్లు. ఇరవై రెండేళ్లు ఆ పూటను ఆయనే నెట్టుకొచ్చారు. పోయిన చలికాలంలో కన్నుమూశారు. ఈ పుస్తకంలో ఆయన ఊసు లేకపోతే ఇంకెక్కడా ఉండదు. టైలరమ్మను లోపల మెలిపెడుతున్నది అదే.

"ఆధారాలు లేవమ్మాయ్," అన్నారు మాస్టారు. "మీ రిజిస్టర్లు పెట్టిన గది కప్పు కారి అవన్నీ ముద్దయిపోయాయి. చూద్దామంటే ఒక్క ఫోటో లేదు. నేను లెక్కల మనిషిని. సాక్ష్యం లేనిది ఎలా రాయను?"

"సరే. మీ చొక్కాకి ఒకటే చెయ్యి పెడతాను. 'కొన్నాళ్లు రెండో చెయ్యి కూడా ఉండెడిది' అని చీటీ రాసి జేబులో పెడతాను. తొడుక్కుని సభకెళ్లండి."

"అమ్మా తల్లీ, ఆ కోపం నా జేబు మీద చూపించకు," అన్నాడు డ్రైవరు.

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. దాన్ని దిగమింగడానికి బల్ల మీదున్న కొలతల పుస్తకం లాక్కుని తన పాత కొలతలు వెతకసాగారు. నాలుగు పేజీలు తిప్పేసరికి ఆయనలోని మాస్టారు లేచి కూర్చున్నాడు.

"ఏమిటీ దుబారా? ప్రతి పేజీలోనూ ఎడమవైపు ఇరికించి ఇరికించి రాశావు. కుడి సగం మొత్తం ఖాళీ!"

"అలవాటు మాస్టారూ. చెయ్యి అటు వెళ్లదు."

"వెళ్లకపోవడమేమిటి, చేతికేమైనా సంకెళ్లు వేశారా?"

డ్రైవరు తన సంచీలోంచి చిన్న నోటుపుస్తకం తీసి విప్పాడు. బండికి ఎప్పుడు ఏ రిపేరు వచ్చిందో రాసుకునే పుస్తకం అది. అక్షరాలన్నీ చీమలబారులా ఎడమ సగంలోనే నడుస్తున్నాయి. "నాదీ అంతే సార్. రెండో సగం ఎవరికి దాచిపెడుతున్నావని మా ఆవిడ దెప్పుతుంటుంది."

మాస్టారు రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకున్నారు. "ఎవరు నేర్పారు మీకిలా?"

"మధ్యాహ్నం సారు," అన్నారిద్దరూ.

టైలరమ్మ టేపు మెడలో వేసుకుంది. "బోర్డులో సగమే కదా మాస్టారూ మాది. కుడి సగంలో పొద్దుటి లెక్కలుండేవి. మధ్యలో నిలువునా గీత, పైన 'చెరపవద్దు' అని. సారు ఏనాడూ చెరపలేదు. ఉన్న సగంలోనే సన్నగా రాసేవారు. మా చేత కాగితం నిలువుగా మడతపెట్టించి, బోర్డు మీద వరస ఎక్కడ ఆగి కిందికి దిగితే మమ్మల్నీ అక్కడే దిగమనేవారు. అలాగైతే చూసి రాసేప్పుడు మాట జారిపోదట."

మాస్టారు రెండు పుస్తకాలూ మూసేశారు. ఆ గీత గియ్యడం ముందు మొదలుపెట్టింది ఆయనే. మర్నాడు మళ్లీ జ్యామితి పటం గీసే పని తప్పుతుందని. ఆయన్ని చూసి మిగతా మాస్టార్లూ అందుకున్నారు. పన్నెండున్నర దాటాక ఆ బడిలో ఏం జరుగుతుందో చూద్దామని ఆయన ఒక్కనాడూ ఆగలేదు.

బుధవారం పొద్దున్నే వెళ్లి వాచ్‌మన్ చేత బడి తాళం తీయించారు. బోర్డులన్నీ గోడకే సిమెంటుతో పూసి నల్లరంగు వేసినవి. మొదటి గదిలో ఎడమ సగం రంగంతా పోయి సిమెంటు తేలి బూడిదరంగుకు తిరిగింది. కుడి సగం మాత్రం నిన్న వేసినట్టు నల్లగా ఉంది. రెండో గదిలోనూ అంతే. ఒక పక్క రెండు బళ్లు రాసి చెరిపాయి, ఇంకో పక్క ఒక్కటే, అదీ అప్పుడప్పుడు. నాలుగో గదిలోకి వెళ్లేసరికి మాస్టారు ముందు బల్ల మీద కూలబడ్డారు.

"ఏం సార్, కళ్లు తిరిగాయా?" వాచ్‌మన్ కంగారుపడ్డాడు.

"లేదయ్యా. కాసేపు కూర్చోనీ."

పదకొండు గదులూ చూసి, బోర్డులను కొలిచి, చీటీ మీద రాసుకుని ఇంటికెళ్లారు.

గురువారం సాయంత్రానికి నాలుగు కొత్త పేజీలు పట్టుకుని కొట్టుకొచ్చారు. డ్రైవరు డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చాడు. టైలరమ్మ మిషను ఆపి, పెదవులు కదుపుతూ చదివింది. మధ్యాహ్నం సారు గురించి రాసినచోట ఒకసారి కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. మూడో పేజీలో ఆగిపోయింది.

"'బోర్డులో సగభాగమును మధ్యాహ్నం తరగతులకు ఉదారముగా కేటాయించిరి.' ఎవరు మాస్టారూ కేటాయించింది?"

"పాఠశాలవారు."

"ఉదారంగానా?"

"ఏదో మాటవరసకి రాశాను."

"కొట్టెయ్యండి. ఎవరూ కేటాయించలేదు. వాడుకోగా మిగిల్చారు. అయినా పాఠశాలకి చేతులున్నాయా గీత గియ్యడానికి?"

డ్రైవరు దగ్గాడు. "పోనిద్దూ, పెద్దాయన."

"పెద్దాయనే. అందుకే ఆయన్నే రాయమంటున్నాను."

మాస్టారు ఆమెను తేరిపార చూశారు. "మీకు తెలుసా?"

"తెలీకేం. 'చెరపవద్దు' కింద రెండు గీతలు గీసేది మీరొక్కరే. మా వార్షిక పరీక్ష పేపర్లూ మీరే దిద్దేవారుగా. సున్నాల కింద కూడా అలాగే గీసేవారు."

"నావి అన్నీ దాచాను సార్, కావాలంటే సాక్ష్యానికి తెస్తాను," అన్నాడు డ్రైవరు.

"మరి ఇన్నేళ్లూ నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"సారు అననివ్వలేదు. 'ఆయన పటాలు బాగుంటాయర్రా, ఎలాగూ కళ్లెదుట ఉన్నాయి, చూసి నేర్చుకోండి' అనేవారు." టైలరమ్మ కత్తెర తీసి పక్కన పెట్టింది. "నేను చొక్కాకి చంక వంపు కత్తిరించేది ఆ పటాల్లో చూసిన వంపుతోనే. సగం బోర్డు ఇచ్చారని నాకు కోపం లేదు మాస్టారూ. మేం లేనట్టు రాస్తేనే కోపం."

మాస్టారు కలం తీశారు. ఆ వాక్యం కొట్టేసి, పైన రాసి, చదివి వినిపించారు. "బోర్డు మధ్య గీత గీసి చెరపవద్దని రాసినది ఈ పుస్తకము రాసిన నేనే. మధ్యాహ్నం మాస్టారు ఇరవై రెండేళ్లపాటు దానిని చెరపలేదు. ఆయన శిష్యులు నేటికీ కాగితంలో సగమే రాస్తారు. అడిగి చూడవచ్చును."

టైలరమ్మ తల ఊపింది.

"రిజిస్టర్లు లేవు గాబట్టి పేర్లు మీరే చెప్పాలి," అన్నారు మాస్టారు. "మొదటి బల్ల నుంచి మొదలుపెట్టండి."

"కిటికీ పక్కన బుంగమూతి," అన్నాడు డ్రైవరు.

"బుంగమూతి ఎప్పుడు కూర్చుందిరా అక్కడ? తలుపు దగ్గర కదూ! కిటికీ దగ్గర తుమ్ములోడు."

"పుస్తకంలో తుమ్ములోడు అని వేయమంటారా?" మాస్టారు తల పట్టుకున్నారు. "అసలు పేర్లు కావాలి."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. టైలరమ్మ ఫోను అందుకుంది. "బుంగమూతి చెల్లెల్ని అడుగుతాను. దానికి అందరి పేర్లూ నోటికొచ్చు. మరి రేపు ప్రెస్సుకి ఇవ్వాలంటిరి?"

"ప్రెస్సువాడికి నేను చెప్పుకుంటాను. నువ్వు ముందు ఫోను చెయ్యి," అని మాస్టారు స్టూలు దగ్గరకు లాక్కుని కొత్త కాగితం తీశారు.