పెళ్ళిచూపుల్లో లెక్క

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్ల నచ్చితేనే ఆ ఇంట భోంచేస్తారు. నచ్చకపోతే కాఫీ తాగి లేస్తారు. మా ఇళ్ళలో ఆచారం అది. 1949 మాఘంలో నందిగామ నుంచి శ్రీమన్నారాయణ వాళ్ళు జగ్గయ్యపేట వస్తున్నారంటే, మా అమ్మ పొద్దున్నే గుత్తివంకాయ వండేసింది. ఆమె ఆశ అలాంటిది.

అతను బెజవాడ కాలేజీలో లెక్కల ట్యూటరు. నేను గుంటూరులో బి.ఏ. లెక్కలు చదువుతున్నాను. పరీక్షలు ముంచుకొస్తున్నా సెలవు పెట్టించి మరీ నన్ను పిలిపించారు.

పాట అయింది, వంటల ప్రశ్నలు అయ్యాయి. "నువ్వూ ఏమన్నా అడుగమ్మా" అన్నారు అతని తండ్రి మాటవరసకి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా! హాస్టల్లో నాకు కొరుకుడు పడని సమీకరణం ఒకటి కాగితం మీద రాసి అతని ముందు పెట్టాను.

(x + 2y³) dy/dx = y

అమ్మ నా జబ్బ గిల్లింది.

అతను మాత్రం సంబరంగా పెన్సిలు అందుకున్నాడు. నిజం చెప్పొద్దూ, అది చూసి నాకు నచ్చాడు. x లను ఒకవైపు, y లను ఒకవైపు విడదీయబోయాడు. విడిపోలేదు. y = vx అనుకుని చూశాడు. ఇంకా చిక్కుపడింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. పెద్దవాళ్ళు పెనుగంచిప్రోలు మిరపతోటల కబుర్లలో పడ్డారు.

అతని తంటా చూస్తుంటే నాకే తట్టింది. "తిరగేసి, x ని y లో వెతికితేనండీ?" అన్నాను మెల్లిగా.

dx/dy అని రాశాడు. అంతే, మామూలు లీనియర్ సమీకరణం అయి కూర్చుంది. నేను చెబుతుంటే అతను రాశాడు. x = y³ + cy.

ఒకరినొకరు చూసి నవ్వుకున్నాం. ఈ మనిషితో బతకొచ్చు అనుకున్నాను.

"ఏరా, అయిందా?" అన్నారు అతని తండ్రి.

"అయింది నాన్నగారూ. కాస్త తిరకాసు లెక్క. అమ్మాయికి విడమర్చి చెప్పా" అన్నాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

నా ఒళ్ళు మండిపోయింది.

"ఇంకేం, విస్తళ్ళు వేయించండి బావగారూ!" అన్నారాయన. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న నా దగ్గరికొచ్చి, "నీకిష్టమేనా తల్లీ?" అన్నాడు.

"ఇష్టం లేదు నాన్నా."

నాన్న బిత్తరపోయాడు. "అదేంటే? అంత కష్టమైన లెక్క చేసిపెట్టాడుగా!"

"చేసింది నేను నాన్నా" అన్నాను, అందరికీ వినపడేలా.