బుచ్చవ్వ తర్వాతి పేరు

దేవుడు సర్కారు కాగితాలు చదువుతాడా? ఈ అనుమానం నాకు ముప్పై ఏళ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. పాస్టరును అడిగితే నా విశ్వాసం తక్కువ అనుకుంటాడని భయం. బయటివాళ్లను అడిగితే వాళ్ల చేతికి ఒక మాట ఇచ్చినట్టవుతుందని భయం.

మా ఇంటి కులం సర్టిఫికెట్ మీద హిందూ అని ఉంటుంది. ఆదివారం పొద్దున ప్రార్థన మందిరంలో, ఆ రేకుల షెడ్డులో, మోకాళ్లూనేది కూడా మేమే. మా వాడలో ఇరవై రెండు ఇళ్ల సంగతి ఇంతే. మతం మారామని రాయించుకుంటే ఎస్సీ కాగితం పోతుంది. దానితో పిల్లల ఫీజులు, కొలువులు పోతాయి. మా నాయిన బాప్తిస్మం తీసుకున్న మర్నాడు కూడా ఊరి హోటల్లో ఆయన గ్లాసు విడిగానే ఉందట. దండం పెట్టే దేవుడు మారాడు గానీ మమ్మల్ని చూసే కన్ను మారలేదు, మరి కాగితం ఎందుకు మారాలి అని నాకు నేనే చెప్పుకునేవాడిని. మోకాళ్ల మీద ఉన్నప్పుడు మాత్రం ఆ జవాబు అంత గట్టిగా నిలబడేది కాదు.

నా పేరు కాటమయ్య. మాది నెల్లికుదురు దగ్గర ఒక ఊరు. ఎకరంన్నర పత్తి ఉంది. పదో తరగతి దాకా చదివాను. చేతిరాత బాగుంటుందని ఇరవై ఏళ్ల కింద సంఘం రిజిస్టరు రాసే పని నాకు అప్పగించారు. అట్ట ఊడిన పొడుగాటి పుస్తకం అది. ఎవరు ఏ రోజు బాప్తిస్మం తీసుకున్నారో వరసగా రాసి ఉంటుంది. మా ఇంట్లో ఇనుప పెట్టెలో, నా భార్య సాలమ్మ పెళ్లిచీర కింద ఉంటుంది.

మా పాస్టరు పేరు హన్మంతు. ప్రతి ఆదివారం మానుకోట నుంచి మోటారు సైకిల్ మీద వస్తాడు. ఆయన పేరు విని నవ్వేవాళ్లకు, "మా నాయిన పెట్టిండు, దేవుడేం ఒద్దనలే" అని జవాబు చెప్తాడు.

ఈసారి పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచి సీటు ఎస్సీ మహిళకు వచ్చింది. మా సంఘంలో పాటలెత్తే రేణుక నామినేషన్ వేసింది. మూడో రోజుకల్లా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. రేణుక తల మీద కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్న ఫోటో. కింద, "ఈమె ఎస్సీ ఎట్లయితది?" అని రాశారు. ఆమె సర్టిఫికెట్ రద్దు చేయాలని అర్జీ పెట్టారని కూడా తెలిసింది. పాల కేంద్రం దగ్గర రోజూ నాతో మాట్లాడేవాళ్లు నన్ను చూడగానే ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన ఎప్పుడూ మందిరంలోనే జరుగుతుంది. ఆ శుక్రవారం ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరం రేణుక ఇంటికి పోయాం. చాపలు చాలక కొందరం వాకిట్లో కూర్చున్నాం. ప్రార్థన అంటే మాలో అందరం ఒక్కసారే పైకి చేస్తాం. ఎవరి మాట ఎవరికీ తెలియదు. ఆ హోరులో కూర్చుంటే వాగు మధ్యలో బండరాయి మీద కూర్చున్నట్టు ఉంటుంది. నీళ్లు చుట్టూ పోతుంటాయి, మనకేమీ కాదు. ఆ ఫోటో వచ్చిన నాటి నుంచి నా ఛాతీ మీదున్న బరువు ఆ పూట దిగింది.

సాయంత్రం ఉపవాసం విడిచి అందరం అక్కడే తిన్నాం. రేణుక పప్పు వడ్డిస్తూ, "ఇంతమంది వచ్చిండ్లు, ఇగ నేను ఓట్ల కోసం దావత్ పెట్టిననంటరు" అంది.

"అననియ్యి బిడ్డా. గట్లయితే నాకు ఇంకో గంటె పొయ్యి, ఓటు గట్టిగ పడ్తది" అంది బుచ్చవ్వ. అందరూ నవ్వారు. బుచ్చవ్వకు డెబ్బై దాటాయి. భర్త పోయాక ఒంటరిది. చదువు రాదు. మా సంఘంలో రేణుకను ఎదిరించి రాగం సరిచేసేది ఆమె ఒక్కతే.

అంత ధైర్యం తెచ్చుకుని ఇంటికి వచ్చినవాడిని, రెండు రోజులు కూడా దాన్ని నిలుపుకోలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం మా బావమరిది ఎల్లేశం ఫోన్ చేశాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉంటాడు. "బావా, జనగామ దిక్కు ఒక పిలగాని కొలువు మీద అర్జీ పడ్డదట. చర్చి పుస్తకం అడిగిండ్లట. మీ పుస్తకం నీ దగ్గరనే ఉన్నది గదా? అండ్ల కల్యాణ్ పేరున్నదా?"

కల్యాణ్ నా కొడుకు. భూపాలపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో కొలువు వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంకా పర్మనెంట్ కాలేదు. ఎస్సీ కోటాలో వచ్చిన కొలువు. ఆ జీతంతోనే ఈ ఏడు విత్తనాలు తెచ్చాను.

మర్నాడు సాలమ్మ పత్తి ఏరడానికి పోయేటప్పుడు పెట్టె తాళం అడిగాను. ఎందుకంది. నీ పెళ్లిచీరకు చెమ్మ తాకిందేమో చూస్తానన్నాను. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లలో ఆ చీర గురించి నేను అడగడం అదే మొదటిసారి. ఆమె సంతోషంగా తాళం ఇచ్చి పోయింది.

పన్నెండేళ్ల కింద ఆకేరు వాగులో ఒకే రోజు పదకొండు మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పేర్లన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆరోది బుచ్చవ్వ, ఏడోది కల్యాణ్. ఒక్క పేరు కొట్టేస్తే కనిపిస్తుంది, కాగితమే లేకపోతే ఎవరు చూస్తారు అనుకున్నాను. బ్లేడుతో కుట్టు పక్కనుంచి కోశాను. తర్వాతి కాగితం పైకి వచ్చింది. దాని మీద మొదటి పేరు రేణుకది. బ్లేడు చేతిలోనే ఉంది. ఆ పేరు చూశాను. రెండు కాగితాలు పోతే అనుమానం వస్తుందని పుస్తకం మూసేశాను. కోసినదాన్ని పొయ్యిలో పెట్టాను.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం కూడా రేణుక ఇంట్లో ప్రార్థనకు పోయాను. నోరు కదిలించాను, అంతే.

డిసెంబరు రెండో ఆదివారం మా సంఘం వార్షికోత్సవం. ఆ రోజు రిజిస్టరులోని పేర్లన్నీ వరసగా చదవడం మా ఆనవాయితీ. పేరు వినగానే ఆ మనిషి లేచి, "ఉన్న ప్రభువా" అనాలి. చనిపోయినవాళ్ల తరఫున ఇంటివాళ్లు లేచి, "నీ దగ్గరున్నడు ప్రభువా" అంటారు. పొరుగూరు పోయినవాళ్ల కోసం తల్లో భార్యో పలుకుతుంది. చదివేది నేనే. కోసేటప్పుడు ఈ సంగతి నాకు గుర్తు రాకపోలేదు. పదకొండు పేర్లూ నోటికి వచ్చు కదా, పేజీ ఉన్నట్టే చదువుదామనుకున్నాను. కల్యాణ్ పేరు ఒక్కటి వదిలేస్తే రేపు అధికారి ఎవరినైనా అడిగినా, చదవలేదు అని చెప్తారనుకున్నాను. నాలాంటి తక్కువ చదువు మనిషికి తెలివి ఇట్లాగే పనిచేస్తుందేమో.

రంగు కాగితాలు కట్టారు. చలికి రేకుల మీంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. నేను నిలబడి చదువుతున్నాను. కోసిన చోటికి వచ్చాక తర్వాతి కాగితం మీదే వేలు ఆడిస్తూ, అక్కడ లేని పేర్లు చెప్పుకుంటూ పోయాను.

"బుచ్చవ్వ."

"ఉన్న ప్రభువా."

నేను ఎనిమిదో పేరు చెప్పాను. సాలమ్మ సగం లేచి, అట్లాగే ఆగిపోయింది.

"ఆగు కాటమయ్యా" అంది బుచ్చవ్వ. "నా ఎనక నీ కొడుకు పేరు గదా?"

"ముందల వస్తది అవ్వా, చదువుత."

"ముందలికెట్ల పోయింది? వాడు హాస్టల్‌కు పోయిన సంది నేను కూసునేలోపు సాలమ్మ లేస్తది. కాళ్ల నొప్పులకు ఆమె బుజం పట్టుకునే కూసుంట. ఇయ్యాల బుజం అందకపాయె."

"అవ్వకు సదువు రాదు గని పుస్తకమంత నోట్లెనే ఉన్నది" అన్నారెవరో. నవ్వులు లేచాయి.

పాస్టరు హన్మంతు నవ్వుతూనే నా పక్కకు వచ్చి పుస్తకంలోకి చూశాడు. కుట్టు దగ్గర బ్లేడు గాటు కనిపించింది. ఆయన నవ్వు ఆగింది. నా ముఖం చూశాడు, ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేవాడినేమో.

"నేనే కోసిన" అన్నాను. "కల్యాణ్ కొలువు పోతదని భయపడి కోసి పొయ్యిల పెట్టిన. పదకొండు మంది పేర్లు కాలిపోయినయి."

సాలమ్మ తన కొంగుకున్న తాళం చెవిని చూసుకుంటోంది.

రేణుక ముందు వరసలోంచి లేచింది. నన్ను ఆమె పెద్దనాయిన అంటుంది.

"పెద్దనాయినా, నా పేరు దాని పక్క కాయితమే గదా. చూసినవా?"

"చూసిన."

"చూసి?"

"మూసిన."

"నా పేరు కొయ్యమని నేనననులే. గని ఒక్క ఫోన్ అన్న చెయ్యకపోతివి. రేణుకా, నాకు గిట్ల భయమైతాందని అంటే, నేను నీ ఇంటికొచ్చి నీ పక్కన కూసోకపోదునా? మీరందరు నా ఇంట్ల కూసోలేదా?"

తిట్టి ఉంటే తల వంచుకుని పడేవాడిని. ఈ మాటకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంఘం ఉన్నది ఎందుకో నాకు తెలుసు. ఆమె ఇంట్లో కూర్చుని ఆ ధైర్యం నేనూ పంచుకున్నాను. నా భయాన్ని మాత్రం ఇంటికి తెచ్చి, తలుపు వేసి, బ్లేడు పట్టాను.

అప్పుడు బుచ్చవ్వ గొంతు వినిపించింది. "కాయితం కాలితే కాలె. కల్యాణ్‌గాడు నీళ్లల్ల మునిగింది నా మొగని పంచె కట్టుకుని. ఆ పొద్దు వానికి తెల్ల బట్ట లేదని సాలమ్మ ఉరుక్కుంట వస్తే పెట్టెల్నుంచి తీసిచ్చిన. ఉతికిస్తమన్నరు. పన్నెండేండ్లాయె, ఇంక ఉతుకుతనే ఉన్నరు. పుస్తకం అబద్ధమాడుతది గని నా పంచె ఆడుతదా?"

ఎవరు ముందు నవ్వారో తెలియదు. సాలమ్మ ఏడుస్తూ నవ్వింది. రేణుక నవ్వలేదు గానీ కూర్చుంది.

హన్మంతు తన జేబులోని పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. "రాయి. ఎవలన్న అడిగితే ఏం జెయ్యాల్నో అందరం కలిసి ఆలోచిద్దాం. ఒక్కడివే ఆలోచించకు."

కొత్త కాగితం అంటించారు. పైన ఆ నాటి తేదీ వేశాను. ఒక్కొక్కరూ వచ్చి పేరు చెప్పారు. చనిపోయిన నలుగురి పేర్లు వాళ్ల ఇంటివాళ్లు చెప్పారు. ఆ పూట నా రాత నాదిలా లేదు. బుచ్చవ్వ తర్వాతి గీత మీద పెన్ను పెట్టబోతే పాస్టరు ఆపాడు. "అది వాని పేరు. పోయి వాన్ని అడుగు."

మర్నాడు భూపాలపల్లి బస్సెక్కాను. కల్యాణ్ గనుల క్వార్టర్ల పక్కన ఒక గదిలో అద్దెకుంటాడు. అంతా చెప్పాను. వాడు స్టవ్ మీది అన్నం గిన్నె దించాడు.

"నన్ను అడగకుండనే కోసినవు బాపు. ఇప్పుడు రాస్తనంటవు."

"అడుగుదామనే వచ్చిన."

"కొలువు పోతే?"

"నాకు తెల్వది బిడ్డా."

వాడు అన్నం వడ్డించాడు. తింటున్నప్పుడు నేను బుచ్చవ్వ అన్న మాట చెప్పాను. వాడు మొదటిసారి నా వైపు చూశాడు. "ఆ పంచె నా దగ్గరనే ఉన్నది. హాస్టల్ల ఉన్నప్పటి సంది కప్పుకుంటున్న. అవ్వదని యాది మర్చిన."

ఆ వారంలోనే పోలింగ్ అయింది. రేణుక పదిహేడు ఓట్లతో ఓడిపోయింది. అర్జీ మాత్రం ఇంకా నడుస్తోంది. ఆ శుక్రవారం కూడా ప్రార్థన ఆమె ఇంట్లోనే జరిగింది. నేను వెనక కూర్చున్నాను. ఆమె నా కంచంలో పప్పు పోసింది గానీ మాట్లాడలేదు. అది నాకు తగినదే.

ఆదివారం పాటలు మొదలయ్యాక కల్యాణ్ వచ్చాడు. తెల్లవారుజాము బస్సుకు బయల్దేరానన్నాడు. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి పుస్తకం అడిగాడు. ఖాళీ గీత మీద తన పేరు తనే రాశాడు. వాడి రాత నా రాతకంటే బాగుంది. వద్దనాలని నా నోటిదాకా వచ్చింది. వాడి కొలువు ఏమవుతుందో ఇది రాసే నాటికి కూడా నాకు తెలియదు. పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో లేదు. రేణుక ఇంట్లో ఉండాలని నేనే అడిగాను.

తర్వాత వాడు సంచీలోంచి ఉతికి ఇస్త్రీ చేయించిన పంచె తీసి, చాప మీద కూర్చున్న బుచ్చవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"లేటయింది అవ్వా."

బుచ్చవ్వ మడత విప్పి అంచు వేళ్లతో తడిమింది. ఒక మూల చిరుగు కుట్టి ఉంది. "గిది ఎవలు కుట్టిండ్లు?"

"నేనే."

"నా మొగనికి ఇంత తెల్లగ నేనెన్నడు ఉతకలే" అని, పంచెను మళ్లీ నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుంది.