తిరిగి రాని పది కనెక్షన్లు

బిష్కెక్‌లోని ఆ ప్రైవేటు అంబులెన్స్ కేంద్రంలో ఉదయం పదకొండింటికి కంప్యూటర్ తెరలన్నీ మళ్ళీ బిగుసుకుపోయాయి. అక్కడి కంప్యూటర్లు చూసుకునే నుర్జమాల్ పెద్దగా కంగారు పడలేదు. వారం రోజులుగా రోజూ ఉన్న తంతే. సర్వర్‌ను ఒకసారి ఆపి మొదలుపెడితే అరనిమిషంలో లేచి కూర్చుంటుంది. ఆ చిట్కా కనిపెట్టింది తనే. అన్నా అన్నట్టు అందరూ బైకె అని పిలిచే పై అధికారి జపార్ దగ్గర మెప్పు కూడా కొట్టేసింది.

ఆపబోతుండగా ఫోన్ల గదిలోంచి ఉమ్సున్ ఎజె, అంటే అందరికీ ఉమ్సున్ అక్క, వచ్చింది. ఇరవై ఏళ్లుగా కాల్స్ అందుకుంటున్న మనిషి. సొవెత్స్కాయా వీధి నుంచి ఒక ముసలాయన మూడోసారి ఫోన్ చేశాడట. భార్యకు గుండెనొప్పి. తొమ్మిదింటికి చెబితే ఇంతవరకూ బండి పోలేదట. ఇప్పుడంటే తను వైర్‌లెస్‌లో ఒక బండిని తరిమింది, సరే.

"తెర మీద 'అందింది' అని పడిందే. మరి ఆ కాల్ ఏ గంగలో కలిసినట్టు?" అంది.

నుర్జమాల్ చెయ్యి ఆగిపోయింది. డేటాబేసుకు ఉన్నవి పదే కనెక్షన్లు. పెళ్లింట్లో పది చాయ్ గిన్నెలే ఉంటే, తాగినవాడు తిరిగిస్తేనే తర్వాతివాడికి చాయ్. ఇక్కడ పదీ ఎవరో పట్టుకు కూర్చున్నారు. ముసలాయన కాల్ అందులో ఉంటే, మిగతావీ అలాంటి కాల్సే కావాలి. అవి సర్వర్ జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా లేవు. ఆపితే తుడిచిపెట్టుకుపోతాయి.

ఇంకా ఆపలేదేమని జపార్ బైకె మీదికొచ్చాడు. అవతల ఫోన్లు మోగి చస్తున్నాయన్నాడు.

"ఆపితే ఆ పదీ పోతాయి బైకె. వాళ్లు బండి వస్తోందనుకుని గుమ్మంలో కూర్చునుంటారు."

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వుతానంటావు" అని కసిరాడు గానీ, రెండు నిమిషాలు ఇచ్చాడు. కొత్త కాల్స్ కాగితం మీద రాసుకోమని గదిలోకి కేకేశాడు.

నుర్జమాల్ ఇరుక్కున్న కాల్స్ జాబితా బయటికి లాగింది. రెండు ముసలాయనవే. తక్కిన ఎనిమిదీ వేరే ఇళ్లు. ప్రావ్దా, బెలిన్స్కొవొ, మళ్ళీ ప్రావ్దా.

"ఈ వీధులు ఈ ఊళ్లోనే లేవు ఎజె."

"లేకపోవడమేంటే! నేను పుట్టిందే ప్రావ్దాలో. సోవియట్ కాలపు పేర్లు సర్కారువాళ్లు మార్చుకుంటే మా నోళ్లు మారతాయా? ఫోన్‌లో ఎలా చెబితే అలాగే కొడతాం."

నుర్జమాల్ నారిన్ ఊరి నుంచి ఇక్కడికి వచ్చి రెండేళ్లే, పాత పేర్లు తెలియవు. పోయిన వారం పురపాలక జాబితాలోని కొత్త పేర్లే ప్రోగ్రాంలోకి ఎక్కించింది. జాబితాలో లేని వీధి తగిలితే ప్రోగ్రాం సగంలోనే వెనక్కి తిరుగుతుంది, చేతిలోని కనెక్షన్ తిరిగివ్వకుండానే. ప్రోగ్రాంలో ఆ వరసలు రాసింది తనే.

ఉమ్సున్ ఎజె ఒక్కో పాతపేరుకూ కొత్తపేరు చెబుతూ వైర్‌లెస్‌లో బండ్లు పంపింది. నలభై నిమిషాలు ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు. ఎనిమిదిళ్లకూ బండ్లు చేరాయి. అప్పటికే ఒకాయన్ని పొరుగువాళ్లే ఆసుపత్రికి మోసుకుపోయారు. ముసలాయన భార్యతో సహా అందరూ బతికే ఉన్నారు.

"చావు తప్పి కన్ను లొట్టపోయింది. ఇక కానీ, రోజూ చేసేదేగా, ఆపి మొదలెట్టు" అన్నాడు జపార్ బైకె, చెమట తుడుచుకుంటూ.

రోజూ. నుర్జమాల్ మీట మీది చెయ్యి తీసేసింది. వారం రోజులు, రోజుకోసారి, తన చేత్తోనే. ఒక్కోసారి పదేసి.

"నిన్నటి పదీ ఎవరు బైకె? మొన్నటివి?" అంది.

బండి రాలేదని మళ్ళీ చేసినవాళ్లకు, దారిలో రద్దీ అని తామే సర్దిచెప్పామని ఉమ్సున్ ఎజె మెల్లగా అంది. మళ్ళీ చెయ్యనివాళ్ల సంగతి ఆమె ఎత్తలేదు. వెళ్లి ఫోన్ యంత్రంలోంచి వారం రోజుల నంబర్లు తీసుకొచ్చింది. జపార్ బైకె తను చేస్తానన్నా నుర్జమాల్ ఒప్పుకోలేదు. మొదటి నంబరు తనే నొక్కింది. నాలుగో మోతకు ఎవరో ఎత్తారు.

"అంబులెన్స్ కేంద్రం నుంచండీ. సోమవారం మీరు బండి అడిగారు..."

"ఇప్పుడా" అంది ఒక ఆడగొంతు.