అధ్యక్షులవారి కోసం మెత్తబడ్డ గుండె

నేను ఒక బొమ్మను. నడుం పైభాగం మాత్రమే ఉన్న రబ్బరు మనిషిని. గుండె ఆగిపోయినవాడి ఛాతీని ఎలా నొక్కి బతికించుకోవాలో డాక్టర్లకీ నర్సులకీ నేర్పడానికి నన్ను తయారుచేశారు. నా రొమ్ము కింద ఒక స్ప్రింగు ఉంటుంది. మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి రెండంగుళాల లోతుకు నొక్కితే అది ‘టక్’మంటుంది. అంతకు వెంట్రుకవాసి తగ్గినా పలకదు. ఎంతటి ప్రొఫెసరు వచ్చి కూర్చున్నా నాకు మొహమాటం ఉండేది కాదు.

నన్ను తెప్పించుకున్నది రాష్ట్ర అత్యవసర వైద్య అధ్యాపకుల సంఘం. పేరు పూర్తిగా చదివేలోపే మనిషికి ఆయాసం వస్తుంది. విశాఖపట్నంలో ఒక్క గది ఆఫీసు, ఏడుగురు ఉపాధ్యక్షులు, బీరువా నిండా శాలువాలు. అంతమందిలో పని చేసేది ఒక్కరే, శిక్షణ కార్యదర్శి డాక్టర్ మందాకిని. “చిన్న ఊళ్ళలో డాక్టరు వచ్చేలోగా ఉండేది నర్సే కదండీ, ముందు ఆవిడకి నేర్పాలి” అని పోట్లాడి నన్ను తెప్పించింది ఆవిడే. రెండేళ్ళు నన్ను కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి మరీ ఊరూరా తిప్పింది. “ఇంకా లోతుకమ్మా! పక్కటెముక విరిగితే అతుక్కుంటుంది, ప్రాణం పోతే రాదు” అని అరిచేది. నర్సులు చెమటలు కక్కుతూ నొక్కేవారు. చివరికి నేను టక్‌మంటే వాళ్ళ ముఖాలు విప్పారేవి. నా బతుక్కి అవే మంచి రోజులు.

సంఘానికి ఒక ఆచారం ఉంది. ఏటా మహాసభలో జ్యోతి వెలిగించాక ముఖ్య అతిథి నా ఛాతీని మూడుసార్లు నొక్కాలి. మూడు టక్కులు మైకులో వినబడగానే చప్పట్లు మోగాలి. మూడో ఏడాది వచ్చిన పెద్దమనిషి కెమెరా వంక చూస్తూ, ఉంగరాల చేత్తో నన్ను పిల్లిని నిమిరినట్టు నిమిరాడు. నేను పలకలేదు. మళ్ళీ నిమిరాడు. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షుడు డాక్టర్ విశ్వంభరరావు ముఖం మాడిపోయిన పెసరట్టులా అయింది.

మర్నాడే మెకానిక్ సన్యాసిరావుకి కబురు వెళ్ళింది. అతను నన్ను నొక్కి చూసి, “బొమ్మ బానే ఉంది కదా సార్, ఏటి బాగుసెయ్యమంటారు?” అన్నాడు.

“బాగుండబట్టే నిన్న పరువు పోయింది. చెయ్యి తగిలితే చాలు, మోగాలి,” అన్నాడు విశ్వంభరరావు.

మందాకిని అడ్డుపడింది. “సార్, దీనిమీద నేర్చుకున్నవాళ్ళు పైపైనే నొక్కడం అలవాటు చేసుకుంటారు.”

“అబ్బబ్బ, సభల సీజను అయ్యాక పాత స్ప్రింగు వేయిద్దాంలేమ్మా. అన్నిటికీ అడ్డుపడితే ఎలా? రాబోయే అధ్యక్షురాలిగా నీ పేరే అనుకుంటున్నాం, ఏకగ్రీవంగా.”

ఆవిడ పక్కకు తప్పుకుంది. సన్యాసిరావు నాలో మెత్తటి స్ప్రింగు బిగించి, పాతదాన్ని కాగితంలో చుట్టి బీరువాలో శాలువాల కింద పెట్టాడు. సభ వెంట సభ వచ్చింది. దాన్ని అక్కణ్ణించి తీసిన పుణ్యాత్ముడు లేడు.

ఆపైన ఒకే రోజు ఎనభై మంది నర్సులకు శిక్షణ పెట్టారు. మందాకిని వేదిక మీద అతిథుల పక్కన ఉండిపోయింది; నా మీద చెయ్యి వెయ్యలేదు. నా పాత స్ప్రింగు సంగతి తెలియని కుర్ర డాక్టర్లు ముప్పై టక్కులు లెక్కపెట్టి సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. “ఇంత సులువా!” అని నర్సులు నవ్వుకున్నారు. నాకు వచ్చిన మాట ఆ ‘టక్’ ఒక్కటే, దాన్నే అబద్ధం చేసి కూర్చోబెట్టారు. ఛీ, ఏం బతుకు నాది!

నాలుగు నెలలకు ఆ ఎనభై మందిలో ఒకామె, నూకరత్నం అనే నర్సు, బస్సు దిగి నేరుగా ఆఫీసుకి వచ్చింది. మందాకిని ఒక్కతే కూర్చుని తన అధ్యక్షోపన్యాసం రాసుకుంటోంది. ఆదివారమే పదవీ స్వీకారం.

“మేడమ్, మా ఆసుపత్రికి ఒక ఆటో డ్రైవర్ని మోసుకొచ్చేరు. నలభయ్యేళ్ళుండవు. డాక్టరుగారొచ్చేసరికి ఇరవై నిమిషాలైపోనాది. అంతసేపూ ఆపకండా నొక్కేను. ఆయన పెళ్ళాం నా కాళ్ళట్టుకునే ఉంది. దక్కనేదు మేడమ్. నేనేటి తప్పు సేసేనో సెప్పండి.”

“ఎలా చేశావో చూపించు.”

నూకరత్నం నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. వేగం తప్పలేదు, లెక్క తప్పలేదు. లోతు మాత్రం అంగుళం కూడా లేదు. టక్, టక్, టక్. మందాకిని తనూ వంగి రెండు వేళ్ళతో నొక్కింది. దానికీ మోగాను. ఆవిడ బీరువా వంక చూసింది.

చెప్పు తల్లీ, చెప్పెయ్యి, అని నాలో నేను మొత్తుకున్నాను. చెబితే ఎనభై మందినీ వెనక్కి పిలవాలి. సంగతి పేపర్లకెక్కుతుంది. ఆదివారం ఇంకెవరి మెళ్ళోనో అధ్యక్ష పతకం పడుతుంది. అదంతా ఆవిడ కళ్ళలో గిర్రున తిరగడం నేను కిందినుంచి చూస్తూనే ఉన్నాను.

ఆవిడ నూకరత్నం భుజం మీద చెయ్యి వేసింది. “నీ తప్పేం లేదమ్మా. బాగానే చేశావు. ఒక్కోసారి మన చేతుల్లో ఉండదు.”

నూకరత్నం బావురుమంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, వంగి ఆవిడ పాదాలకు దండం పెట్టింది.

“ఈ మాట సాలు మేడమ్. మా ఆసుపత్రికి కొత్తగా ఆరుగురు నర్సులొచ్చేరు. నా వల్ల ఒక మనిషి పోయేడు, నేనేం నేర్పుతాను అనుకున్నాను. రేపట్నుంచి ఆళ్ళకీ ఇలాగే నేర్పుతాను.”

“మంచిదమ్మా,” అంది మందాకిని.