లింగమ్మ ఇంటికొచ్చిన కుంట

నాచారంలో మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే లింగమ్మ పొయ్యి అంటుకునేది. జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసికి, టపటపమని రొట్టెలు కొట్టి, పెనం మీద వేసి తడిగుడ్డతో అద్దేది. తెల్లారేసరికి గంప నెత్తినెత్తుకొని మందుల కంపెనీ గేటు ముందు కూర్చునేది. జనగామ నుంచి, నల్లగొండ నుంచి బతకడానికొచ్చిన పిలగాండ్లు రొట్టె మీద టమాట తొక్కు వేయించుకొని నిలబడే తినేవాళ్లు. ఎవరికి కారం పడదో, ఎవరు ఇంటిమీద బెంగపెట్టుకున్నారో ఆమెకు మొహం చూస్తేనే తెలిసేది. ఆమె పెనిమిటి చెన్నయ్య కూడా ఆ గేటులోంచే లోపలికి పోయి పొద్దంతా డ్రమ్ములు దించేవాడు.

వాళ్ల ఇంటి వెనక కొంగలకుంట. చెన్నయ్య తాతలు దాంట్లో చేపలు పట్టి బతికారు. కంపెనీ వచ్చాక గోడ కింది నుంచి ఒక పైపు కుంటలోకి దిగింది. అప్పటి నుంచి నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా, వానపడితే తెల్లని నురగతో ఉండేవి. మిరుగం కార్తె నాడు ఊరంతా చేపలు వండుకుంటుంటే ఆ కుంటలో చేపలు మాత్రం వెల్లకిలా తేలేవి. కొంగలు తమ పేరొక్కటి అక్కడ వదిలేసి ఎటో వెళ్లిపోయాయి.

ఉప్పల్‌లో స్టేడియం లేచిన మరుసటేడు, తొలివాన కురిసిన పొద్దున లింగమ్మ వెనక తలుపు తీస్తే పెరట్లో కుంట ఉంది. బర్రె పడుకున్నంత మేర, నీళ్ల గోలెం పక్కన ఒదిగి, నల్లగా డికాషన్‌లా ఉంది.

"ఏమయ్యా, కుంటొచ్చింది," అని పిలిచింది.

చెన్నయ్య వేపపుల్ల నములుతూ వచ్చి చూశాడు. "ఒక్కతే వచ్చిందా?"

"బుడబుంగ పిట్ట గూడ ఉన్నది. పిల్లను ఈపు మీద ఎత్తుకున్నది."

"జర పక్కపొంటి నడువు మరి. తొక్కేవు."

పక్కింటి లక్ష్మీనర్సమ్మ గోడమీద గడ్డం ఆనించి, "ఎన్నొద్దులుంటదట వదినా?" అని అడిగింది.

"పానం బాగయ్యేదాక."

"ఉండనీ పాపం. తల్లిగారింటికొచ్చినట్టే గదా."

లింగమ్మ ఆ రోజు నుంచి గిన్నెలు వీధి వైపు తోముకుంది. పెంకుల చూరు నుంచి పడే వాననీళ్లన్నీ కుంటకే మళ్లించింది. గట్టు చుట్టూ తుంగ నాటింది. గేటు దగ్గర రొట్టెలు తినే పిలగాండ్లు పండగలకు ఊరికి పోయినప్పుడు తమ ఊరి చెరువు నీళ్లు సీసాలో పట్టి తెచ్చేవాళ్లు. ఒకడు పరక చేపలు తెచ్చాడు. ఒకడు నత్తలు తెచ్చాడు. మేడిపల్లి నుంచి వచ్చే డ్రైవర్ తామరగడ్డ తెచ్చి, "మా బాయిలది, మంచిగ పారుతది," అని చేతిలో పెట్టాడు. ఎవరి ఊరిది వాళ్లు కుంటలో వదిలి, దాన్ని చూస్తూ కాసేపు కూర్చునేవాళ్లు. రెండు వానాకాలాలు గడిచేసరికి నీళ్లు తేరుకొని అడుగున ఇసుక కనబడింది. పోయిన కొంగలు తిరిగొచ్చి పెంకుల మీద బారుగా నిలబడ్డాయి. కుంట పెరిగి వంటింటి గడప దాకా వస్తే లింగమ్మ పొయ్యిని ముందరి అరుగు మీదికి మార్చింది గాని, దాన్ని ఒక్క మాట అనలేదు. గల్లీకి మాత్రం గీర పెరిగింది. ఆటోవాళ్లు అడ్రసు అడిగితే, "కుంట ఉన్న ఇల్లు అనుర్రి, ఎవరన్న జూపిస్తరు," అనేవాళ్లు.

ఇంటి వెనక అసలు కుంట ఉన్న చోటు, పైపు నీళ్లు ఇంకే ఆ మూల తప్ప, ఎండి నెర్రెలుబాసింది. అక్కడ ఒకరోజు సున్నం గీతలు కనబడ్డాయి. గీసింది చెన్నయ్య అక్క కొడుకు బాలరాజు. ప్లాట్లు అమ్మిపెట్టే పనిలో ఉన్నాడు.

"మామా, ఆడ నీళ్లు లెవ్వు గదా. ఉత్త భూమి," అన్నాడు అరుగు మీద కూర్చొని. "శుక్రారం సర్కారు సార్లు వచ్చి సూస్తరు. లేఅవుటు అయితది. నీకో ప్లాటు పక్కా."

"నీళ్లు లేకపోవుడేంది బిడ్డా? మా ఇంట్ల లెవ్వా?" అంది లింగమ్మ.

బాలరాజు చెడ్డవాడేం కాదు. పెరటి వైపు ఒకసారి చూసి మెల్లగా అన్నాడు. "ఇంట్ల ఉంటే అది సుట్టం, అత్తా. ఆడుంటేనే కుంట."

వాడు వెళ్లిపోయినా ఆ మాట పోలేదు. అందులో అబద్ధం లేకపోవడమే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. సాయంత్రం నీళ్ల పక్కన కూర్చొని, "పోతవా తల్లీ?" అని అడిగింది. కుంట మెల్లగా కదిలి పెరటి తడిక దాకా పోయింది. తడిక అవతల పైపు నుంచి పచ్చనీళ్లు కారుతున్నాయి. ఆ వాసన తగలగానే గోలెం పక్కకు తిరిగొచ్చి ముడుచుకుంది.

"పైపున్నన్ని రోజులు అది కదలదు," అంది లింగమ్మ.

చెన్నయ్య తడిక దాకా పోయి పైపును చూసొచ్చాడు. ఆ కంపెనీలోనే అతని తల నెరిసింది. మరునాడు పోయి సూపర్‌వైజర్ రామ్మోహనరావును అడిగాడు. "సార్, ఆ పైపు బంద్ జేయిస్తే కుంట ఇంటికి పోతది."

"నీ పని నువ్వు చూసుకో చెన్నయ్యా," అన్నాడాయన, ఫోను మాట్లాడుతూనే.

ఆ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ చెన్నయ్య సిమెంటు బస్తా భుజాన వేసుకొని గోడ వెనక్కి నడిచాడు. అందరూ చూస్తుండగానే పైపు ముందు మోకాళ్లమీద కూర్చొని రాళ్లు పేర్చడం మొదలుపెట్టాడు. లింగమ్మ గంప అక్కడే దించేసి వెళ్లి సిమెంటు మాలు కలిపింది. అతను ఎన్నెన్ని మాటలు పడ్డా నోరెత్తని మనిషని ఆమెకు తెలుసు. ఆ చేతులవైపే చూస్తూ రాయి రాయికీ మాలు అందించింది.

రామ్మోహనరావు పరుగున వచ్చాడు. "చెన్నయ్యా! రేపట్నుంచి పనికి రాకు!"

"రేపటిదాక ఎందుకు సార్? ఇయ్యాలనే బంద్," అన్నాడు చెన్నయ్య, తాపీ ఆపకుండా.

షిఫ్టు దిగిన పిలగాండ్లు కాసేపు నిలబడి చూశారు. తర్వాత ఒకడు చొక్కా చేతులు మడిచి రాయి ఎత్తాడు. ఇంకొకడు నీళ్లు తెచ్చాడు. అంతమందిని పనిలోంచి తీసేస్తే మిషన్లు నడిపేవాళ్లుండరని రామ్మోహనరావు అక్కడే నిలబడిపోయాడు. పైపు మూతపడ్డాక మురుగు వెనక్కి తన్ని కంపెనీ ఆవరణంతా పారింది. ఆఫీసు గదుల్లో ముక్కు మూసుకున్నా కూర్చోలేకపోయారు. మురుగు మోయడానికి ట్యాంకర్లు పిలిపించుకున్నారు. పోనుపోను శుద్ధిచేసే తొట్లు కూడా కట్టుకున్నారు.

ఆ శుక్రవారం పొద్దున ముసురు పట్టింది. కుంట లేచింది.

లింగమ్మ గట్టుకు పసుపు కుంకుమ పెట్టింది. కూతురిని సాగనంపినట్టు ఒడిబియ్యం పోసింది. పరకలు పైకొచ్చి ఆ బియ్యం గింజలు అందుకున్నాయి. తడిక దారి ఇరుకైందేమో, కుంట ముందరి వాకిట్లోంచి గల్లీలోకి దిగింది. జనం స్కూటర్లు పక్కకు జరిపారు. పసిపిల్లలను చంకనెత్తుకున్నారు. తామరాకులు, తుంగ, పిల్లలతో బుడబుంగలు, అన్నిటినీ వెంటబెట్టుకొని అది మూలమలుపు తిరిగింది. నెత్తి మీద కొంగలు గొడుగు పట్టినట్టు ఎగురుతూ పోయాయి.

"పైలంగ పో బిడ్డా," అంది లక్ష్మీనర్సమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ.

బాలరాజు సార్లను తీసుకొచ్చి సున్నం గీతల మధ్య నిలబెట్టి ఉన్నాడు. నీళ్లు ముందు వాళ్ల మడిమలకు, తర్వాత మోకాళ్లకు వచ్చాయి. సార్లు చెప్పులు చేతబట్టుకొని కట్టెక్కి, "కుంట ఉన్నది కదయ్యా," అని జీపెక్కి వెళ్లిపోయారు. బాలరాజు నీళ్లలోనే నిలబడిపోయాడు. కాసేపటికి లింగమ్మను చూసి, "నేను ఈడనే ఈత నేర్సుకున్న, అత్తా," అన్నాడు.

చెన్నయ్యకు మాత్రం ఆ తర్వాత ఏ కంపెనీలోనూ పని దొరకలేదు. పైపు మూసినవాడన్న మాట అతనికంటే ముందే ప్రతి గేటుకూ చేరేది. రోజూ కట్టమీద కూర్చునేవాడు. అతను ఏ పక్కన కూర్చుంటే కుంట ఆ పక్కకు వచ్చి కాళ్లు తడిపేది. ఎవరైనా దొంగచాటుగా చెత్త బండి తెచ్చినా, కొత్త మురుగు మోరీ తవ్వినా, కుంట నీళ్లు సన్నగా పారి వచ్చి అతని ఇంటి గడప తడిపేవి. చెన్నయ్య కర్ర పట్టుకొని బయల్దేరేవాడు. చేపలు పట్టేవాళ్లు తమ పాళ్లతో సమంగా అతనికీ ఒక పాలు తీయడం మొదలుపెట్టారు. అది ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది, వరంగల్ వైపు నుంచి కొత్తగా కంపెనీ పనికొచ్చిన ఉమాపతి అనే మనిషి కట్టమీద చెన్నయ్య పక్కన కూర్చొని, నాచారంలో అందరూ అడిగే మాటే అడిగాడు.

"ఏ కంపెనీల జేస్తున్నవే కాకా?"

"కంపెనీల గాదు. కుంటల."

"ఎవరు వెట్టుకున్నరు పనిల?"

"గిదే వెట్టుకున్నది," అన్నాడు చెన్నయ్య, నీళ్ల వైపు గడ్డం ఎత్తి.

ఉమాపతి కుంటను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "మస్తు పెద్ద కొలువు దొరికింది కాకా నీకు," అన్నాడు.

చెన్నయ్య లేచి తలగుడ్డ సరిచేసుకున్నాడు. "రా, సూపిస్త," అని కట్ట వెంట ముందు నడిచాడు.