నడుమ మనిషి

1978 ఎండాకాలంలో కాశిబుగ్గ నేతకారుల సొసైటీకి కిషన్ రావు కొత్త సెక్రటరీగా వచ్చాడు. వస్తూనే ఏడుగురు సభ్యుల నెల నేతను కూడి, ఏడుతో భాగించాడు.

"సగటు పది జంపఖానాలు. పదికి తక్కువ నేసినోళ్లకు నూలు బంద్."

సరిగ్గా పది నేసినవాడు ఆ వీధిలో ఒక్కడూ లేడు. మార్కండేయులు ఇరవై ఎనిమిది ఇచ్చాడు. ఇంట్లో నాలుగు మగ్గాలు, సొసైటీలో పేరు ఒక్కటే. మిగిలినవాళ్లంతా, మొండయ్య లెక్క ప్రకారం, ఎనిమిదేసి.

నూలు ఆగితే మగ్గం అమ్ముకోవాలి. మొండయ్యకు కాలు నిలవలేదు. వారమంతా గడప గడపకూ తిరిగి అరిచాడు.

"మార్కండేయులు బొజ్జను మనందరికి పంచి, మీరింత లావు ఎందుకు లేరని అడుగుతాండు ఆ సెక్రటరీ! మనల్ని వరుసల నిలబెట్టుమను. తక్కువోడు ఈ కొసకు, ఎక్కువోడు ఆ కొసకు. నడుమ ఎవడుంటే వాడే కొలత."

"నీ నోరే మగ్గమైతే నెలకు నూరు నేస్తువు అన్నా," అని నవ్వాడు పక్కింటి గుండయ్య.

సోమవారం కిషన్ రావు విసిగి ఒప్పుకున్నాడు. "సరే, నిలబడుండ్రి. నడుమోని కన్న తక్కువైతేనే బంద్."

మొండయ్య తిన్నగా వెళ్లి నడుమ నిలబడ్డాడు.

గుండయ్య గొంతు తగ్గించాడు. "మొండన్నా, నీది రెండే గదనే."

"ఎనిమిది."

"వదిన ఉన్నప్పుడు ఎనిమిది."

జంపఖానా వెడల్పుకు ఇద్దరు కావాలి. మగ్గం పలక మీద పక్కపక్కన కూర్చుని ఎడమ సగం భార్య, కుడి సగం మొండయ్య. రాములవ్వ దసరాకు ముందు పోయింది. అప్పటి నుంచి మొండయ్య ఒకవైపు బెత్తెడు నేసి, లేచి, రెండోవైపుకు జరిగి నేస్తున్నాడు. పాడె వెంట వీళ్లందరూ నడిచారు. ఆమె చోట ఒక్క పూట కూర్చున్నవాడు లేడు.

కిషన్ రావు పద్దు చూసి, వేలితో తక్కువోళ్ల కొస చూపించాడు. మొండయ్య జరిగాడు. ఆ ఖాళీలోకి గుండయ్య వచ్చాడు.

"ఎనిమిది," అన్నాడు సెక్రటరీ.

వరుసంతా ఊపిరి వదిలింది. "నీ మాటనే గెలిచింది అన్నా!" అన్నాడు వీరభద్రం, నూలు కట్ట చంకలో పెట్టుకుంటూ.

మొండయ్య ఉత్త చేతులతో ఇంటికొచ్చి, మగ్గం మీద మిగిలిన పడుగు ముందు కూర్చున్నాడు. కుడివైపు కాసేపు, లేచి ఎడమవైపు కాసేపు. చివరికి సరిగ్గా నడుమ కూర్చుని చేతులు చాచాడు.

ఈ అంచూ అందలేదు, ఆ అంచూ అందలేదు.