కాలికి నాటే వెంట్రుకలు

మొగుడు బతికుండంగానే మహేశ్వరి తల గొరిగించుకునేకి అనంతపురం పోతాందంట అని కొళాయి కాడ బయమ్మ చెప్పిందని, అత్త నల్లమ్మ చంకలో బిందె దించకుండానే వాకిట్లోంచి అరిచింది. అది విని కుందుర్పి ఊరు మొత్తం నవ్విందనే మాట మాత్రం అత్త సొంతంగా చేర్చింది.

మహేశ్వరి మెట్టు మీద కూర్చొని కాలి కట్టు విప్పుతాంది. చీలమండ పైన అరచేయంత పుండు. ఏండ్లుగా మానదు. బడిలో మధ్యాహ్నం వంట, ఇంట్లో రెండు పూటలా వంట, నిలబడి నిలబడి నరాలుబ్బి, చిట్లి, పుండై కూర్చున్నది. వాసనొస్తాందని హెడ్మాస్టరు పిల్లోళ్ళకు వడ్డించేకి రావద్దన్నాడు. వండేకి మాత్రం రమ్మన్నాడు. అదే వాసనకు మొగుడు నరసింహప్ప మంచం వరండాలోకి మార్చుకున్నాడు. కూడు మాత్రం ఆమె చేతిదే కావాల. కంపంతా తనకేగానీ తన పనికి లేదే అని, చీము తుడుచుకున్నప్పుడల్లా అనుకుంటాది ఆమె.

పుండు చూసి ముక్కు మూసుకోనిది అనంతపురం పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఒక్కతే. "తల వెనక కొంచెం చోట కత్తిరించి, వెంట్రుకల్ని వేర్లతో సహా తీసి పుండులో నాటుతాం. ఆ వేరు చుట్టూ కొత్త చర్మం పుట్టించే గుణం ఉంటుందమ్మా. అందరికీ పట్టుకోదు. కానీ ఇట్లే వదిలేస్తే ఎముక దాకా పోతుంది. అప్పుడు కాలే తీసేయాల్సొస్తుంది" అంది. ఎండకు సగం పోయినా మిగిలిన సగం కోసం టమాటా నారు నాటే మనిషికి, పట్టుకోకపోవచ్చనే మాట కొత్తేం కాదు. మందు తన ఒంట్లోనే ఉందంటేనే ఆమెకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

"ముత్తైదువ తలలో కత్తి పెడితే మొగునికి కీడే" అంది నల్లమ్మ, బిందె ధన్‌మని దించి.

నరసింహప్ప మంచం మీంచి లేవకుండానే అన్నాడు. "నా పానం తీసేకా ఏమి? పో. పోతే మళ్ళా ఈ గడప తొక్కొద్దు."

మహేశ్వరి కొత్త గుడ్డ చుట్టి ముడి బిగించింది. గోడ పట్టుకొని లేచి, సంచి భుజానికి తగిలించుకునింది.

"నువ్వు ట్రాక్టరు కింద పడినప్పుడు, నన్నొక మాటన్నా అడక్కుండా మీ అమ్మ మొక్కుకునింది. కదిరి గుడికి పిలుచుకపోయి నాకు గుండు కొట్టించినారు. నీ పానానికి నా తలంతా ఇస్తిరి కదప్పా, నా కాలికి రవ్వంత నేనిచ్చుకుంటే మీకేం పోతాది?"